‘ప్రతి’, ‘ఏదో ఒకటి’: తర్కంలో విధేయాలు, పరిమాపకాలు

(బిలాస్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



ఈ స్మారకోపన్యాసం జరిపే ధర్మనిధి ఎవరి పేరు మీద ఏర్పడిందో ఆ పేరు ఈ పుస్తకం అట్ట మీద ఉంది. ఉపన్యాసంలో మాత్రం నేను ‘మాస్టారు’ అనే అంటాను. రైల్వే కాలనీలో ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకున్నవాళ్ళు అలాగే పిలిచేవారు. ఏ కుర్రాడైనా ‘అందరూ’ అంటూ వాక్యం మొదలుపెడితే ఆయన ఆపి, “అందరూ అంటే ఎవరెవరురా?” అని అడిగేవారు. ‘ఎవరో ఒకరు’ అంటే, “ఏదీ, ఆ ఒక్కణ్ణి చూపించు” అనేవారు. ఆధునిక తర్కశాస్త్రంలో పెద్ద భాగం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే అల్లుకుంది. అందుకే ఈ ఏడాది విధేయాలు, పరిమాపకాలు అనే విషయం ఎంచుకున్నాను. కాలేజీలో వీటినే ప్రెడికేట్లు, క్వాంటిఫయర్లు అంటారు.

ఇది పాఠశాల గది దాటి రాని విషయమని కొందరు అనుకోవచ్చు. బిలాస్‌పూర్‌లో అలా అనుకోవడం నాకు సరి అనిపించదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడింది. 1891కల్లా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా లైను పడింది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు జంక్షన్ అయింది. 1931లో పార్వతీపురం–రాయపూర్ లైను పూర్తయ్యాక విజయనగరం వైపు నుంచి రాకపోకలు సులువయ్యాయి. మన పెద్దవాళ్ళు గ్యాంగుల్లో, ఇంజిన్ల మీద, కేబిన్లలో, ఆఫీసు బల్లల దగ్గర పనిచేయడానికి వచ్చారు. వాళ్ళు ఏ భాషలో కలగన్నా, పని చేసింది ఒక రూల్ పుస్తకం కింద. ఆ పుస్తకంలోని వాక్యాలు ‘ప్రతి’, ‘ఏ... అయినా’, ‘ఎప్పుడూ’, ‘తప్ప’ అన్న మాటల మీద నిలబడి ఉంటాయి. అంటే పరిమాపకాల మీద. వాటిని సరిగా చదవడం మీద ప్రాణాలు ఆధారపడిన ఊరు ఇది.

ముందు విధేయం సంగతి చూద్దాం. ‘కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్‌లో ఆగుతుంది’ అనే వాక్యం తీసుకోండి. బండి పేరు చెరిపేసి అక్కడ ఖాళీ ఉంచండి. ‘............ బిలాస్‌పూర్‌లో ఆగుతుంది’. ఇప్పుడిది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఖాళీలో ఒక పేరు పెడితే నిజమో అబద్ధమో అవుతుంది. ఇలా ఖాళీ ఉన్న వాక్యమే విధేయం. ఊరి పేరు కూడా చెరిపేస్తే ‘............ బండి ............ ఊళ్ళో ఆగుతుంది’ అని రెండు ఖాళీల విధేయం వస్తుంది. ‘............ నుంచి ............ మీదుగా ............ వెళ్తుంది’ అంటే మూడు. తెలుగు వ్యాకరణంలో ఉద్దేశ్యం, విధేయం అని చదువుకున్నవాళ్ళకి ఇక్కడ తేడా కనపడుతుంది. వ్యాకరణం వాక్యాన్ని రెండుగానే విడదీస్తుంది: ఎవరి గురించి, ఏమని. తర్కానికి అది చాలలేదు. బండి గురించీ ఊరి గురించీ ఒకేసారి, సమాన స్థాయిలో మాట్లాడాల్సి వచ్చింది. ఒక వస్తువు గుణం చెప్పడం వేరు, రెండు వస్తువుల మధ్య సంబంధం చెప్పడం వేరు. ఈ చిన్న తేడా తర్కశాస్త్ర చరిత్రనే రెండుగా చీల్చింది. ఆ కథకి కాసేపట్లో వస్తాను.

ఖాళీని నింపడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి పేరు పెట్టడం. రెండోది పేరు లేకుండానే ‘ప్రతి బండీ’ అనో ‘ఏదో ఒక బండి’ అనో చెప్పడం. ‘ప్రతి’ సార్వత్రిక పరిమాపకం, ‘ఏదో ఒకటి’ అస్తిత్వ పరిమాపకం. ‘బిలాస్‌పూర్‌లో ఆగే ప్రతి బండీ విశాఖ వెళ్తుంది’ అని ఎవరైనా అంటే, గీతాంజలి ఎక్స్‌ప్రెస్ ఒక్కటి చూపిస్తే చాలు. అది ఇక్కడ ఆగుతుంది, హౌరా ముంబైల మధ్య తిరుగుతుంది, విశాఖ మొహం చూడదు. వాక్యం కూలిపోయింది. అదే ‘బిలాస్‌పూర్‌లో ఆగే బండి ఒకటైనా విశాఖ వెళ్తుంది’ అన్నవాడు కోర్బా బండిని చూపించి కూర్చోవచ్చు. ‘ప్రతి’ని పడగొట్టడానికి ఒక్క ఉదాహరణ చాలు, నిలబెట్టడానికి ఎన్ని ఉదాహరణలూ చాలవు. ‘ఒకటి ఉంది’ని నిలబెట్టడానికి ఒక్కటి చాలు, పడగొట్టాలంటే మొత్తం వెతకాలి. బరువు ఎవరి మీద ఉందో తెలిస్తే సగం వాదాలు మొదలవకుండానే ముగుస్తాయి.

అయితే ‘ప్రతి బండీ’ అన్నప్పుడు బండి అంటే ఏమిటి? మాస్టారి ప్రశ్న ఇదే. మనం దేని గురించి మాట్లాడుతున్నామో ఆ మొత్తాన్ని తర్కంలో వ్యవహార ప్రపంచం అంటారు. అది ముందే తేల్చుకోకపోతే ‘ప్రతి’కి అర్థం ఉండదు. రైల్వే జనరల్ రూల్స్ ఈ పని ఎంత శ్రద్ధగా చేశాయో చూడండి. అక్కడ ‘ట్రైన్’ అంటే వెనక బోగీలు ఉన్నా లేకపోయినా ఇంజిన్, లేదా పట్టాల మీంచి తేలిగ్గా ఎత్తి పక్కన పెట్టలేని, తనంతట తాను నడిచే వాహనం. ఒంటరిగా వెళ్ళే లైట్ ఇంజిన్ కూడా ట్రైనే. గ్యాంగువాళ్ళు నలుగురు కలిసి ఎత్తి పక్కన పెట్టగలిగే ట్రాలీ ట్రైన్ కాదు. మామూలు మాటల్లో ఒంటరి ఇంజిన్‌ని ఎవరూ రైలు అనరు. కానీ ఆ ఒంటరి ఇంజిన్‌ని లెక్కలోకి తీసుకోకుండా ‘ఈ లైను మీద ఏ ట్రైనూ లేదు’ అని ఎదుటి స్టేషన్‌కి చెబితే ఏమవుతుందో ఈ సభలో చాలామందికి నేను వివరించక్కర్లేదు. పట్టాల మీంచి ఎత్తగలమా లేదా అన్నదే గీటురాయి. ఆ నిర్వచనం రాసినవాళ్ళు తర్కం చదివారో లేదో గానీ తర్కం చేశారు.

ఇక ఆ పుస్తకంలోకెల్లా గొప్ప వాక్యానికి వస్తాను. అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతికి మూలసూత్రం మీకు తెలిసిందే: రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక సమయంలో ఒకటి కంటే ఎక్కువ ట్రైన్లు ఉండకూడదు. తేలిక వాక్యంలాగే ఉంది. దీన్ని పరిమాపకాలతో రాయాలంటే ‘ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదు’ అన్న దాన్ని విప్పాలి. తర్కం దాన్ని ఇలా విప్పుతుంది: ఏ బ్లాక్ సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య లైను) అయినా తీసుకో, ఏ క్షణమైనా తీసుకో, ఏ ట్రైన్ అయినా తీసుకో, మళ్ళీ ఏ ట్రైన్ అయినా తీసుకో, ఆ ట్రైనూ ఈ ట్రైనూ రెండూ ఆ క్షణంలో ఆ సెక్షన్‌లో ఉంటే, ఆ రెండూ ఒకటే ట్రైన్. నాలుగు ‘ఏ అయినా’లు, ఒక ‘ఉంటే’, ఒక ‘రెండూ ఒకటే’. అంకె ఎక్కడా లేదు, లెక్కపెట్టడం ఎక్కడా లేదు. లెక్కపెట్టకుండానే ‘ఒకటికి మించి లేదు’ అని చెప్పేశాం. ఇంకో సంగతి గమనించండి. సెక్షన్‌లో ట్రైన్ ఉందని ఈ వాక్యం చెప్పడం లేదు. ఖాళీ లైను కూడా దీనికి లోబడే ఉంటుంది. ‘సరిగ్గా ఒకటే ఉంది’ అనాలంటే దీనికి ‘ఒకటి ఉంది’ అనే అస్తిత్వ వాక్యాన్ని చేర్చాలి.

సింగిల్ లైన్ల మీద నీల్ టోకెన్ యంత్రాలు చూసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. ఈ స్టేషన్‌లో ఒక యంత్రం, అవతలి స్టేషన్‌లో దాని జత, రెంటికీ కరెంటు తీగతో ముడి. ఏ ఒక్క యంత్రం నుంచైనా ఒక టోకెన్ బంతి బయటికి వచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా ఈ రెంటిలో దేన్నుంచీ మరో బంతి రాదు. డ్రైవర్ చేతిలో ఆ బంతి ఉంటేనే బండి కదలాలి. ఇందాక నేను విప్పి చెప్పిన నాలుగు పరిమాపకాల వాక్యం ఇనుములో పోతపోసి ఉన్న రూపం అది.

ఇప్పటి కలర్ లైట్ సిగ్నళ్ళలోనూ ఇదే తర్కం, ఇంకో వేషంలో ఉంది. వస్తువులు లెక్కకు అందేటన్ని ఉన్నప్పుడు ‘ప్రతి’ అంటే పొడవాటి ‘ఇదీ, ఇదీ, ఇదీ’. ‘ఏదో ఒకటి’ అంటే పొడవాటి ‘ఇదో, ఇదో, ఇదో’. కరెంటు తీగల భాషలో మొదటిది వరస కట్టడం, రెండోది పక్కపక్కన కట్టడం. రిలేల వలయాలను బూల్ బీజగణితంతో చదవొచ్చని క్లాడ్ షానన్ 1937లో తన సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. సిగ్నల్ పచ్చబడాలంటే దారిలోని ప్రతి ట్రాక్ సర్క్యూట్ ఖాళీగా ఉండాలి, ప్రతి పాయింటు సరిగా పడి ఉండాలి. ఆ ‘ప్రతి’ని రిలే కాంటాక్టుల వరసతో కడతారు. వరసలో ఒక్క కాంటాక్టు విడిపోయినా కరెంటు ఆగుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. 1872లో విలియం రాబిన్సన్ రూపొందించిన క్లోజ్డ్ ట్రాక్ సర్క్యూట్‌లోని అందమూ ఇక్కడే ఉంది. పట్టా ఖాళీగా ఉన్నంతసేపే రిలేకి కరెంటు అందుతుంది. ఒక జత చక్రాలు ఎక్కినా, పట్టా విరిగినా, బ్యాటరీ చచ్చినా కరెంటు పోతుంది. లోపం ఏదైనా జరిగితే యంత్రం ‘ప్రతి’ అబద్ధమైందనే తీసుకుంటుంది. ప్రమాదం లేని వైపుకే తప్పుతుంది.

‘ప్రతి’ ఇలా అబద్ధం కావడంలో నిషేధం తిరిగే పద్ధతి ఉంది. ‘ప్రతి గేటూ మూసి ఉంది’ అన్నదానికి కాదు అని చెప్పడమంటే ‘ప్రతి గేటూ తెరిచి ఉంది’ అనడం కాదు. ‘తెరిచి ఉన్న గేటు ఒకటైనా ఉంది’ అనడం. అలాగే ‘ఒక గేటైనా తెరిచి ఉంది’ అన్నదాన్ని కాదంటే ‘ప్రతి గేటూ మూసి ఉంది’ అవుతుంది. ‘కాదు’ లోపలికి జరిగినప్పుడల్లా ‘ప్రతి’ పోయి ‘ఏదో ఒకటి’ వస్తుంది, ‘ఏదో ఒకటి’ పోయి ‘ప్రతి’ వస్తుంది. ఈ మార్పిడి సూత్రాలను ఆగస్టస్ డి మోర్గన్ పేరుతో పిలుస్తారు. ఆయన 1806లో మన దక్షిణాదిలోనే, మదురైలో పుట్టాడు.

డి మోర్గన్ ఇంకో పెద్ద పని చేశాడు. రెండు వేల ఏళ్ళుగా యూరప్ నమ్ముకున్న అరిస్టాటిల్ తర్కం ఎక్కడ చాలడం లేదో ఒక చిన్న ఉదాహరణతో చూపించాడు. గుర్రం జంతువు. కాబట్టి గుర్రం తల జంతువు తల. ఏ పిల్లవాడైనా ఒప్పుకునే అనుమానం. కానీ ‘అన్నీ’, ‘కొన్ని’, ‘ఏదీ కాదు’, ‘కొన్ని కావు’ అన్న అరిస్టాటిల్ నాలుగు వాక్య రూపాలతో దీన్ని రుజువు చేయలేం. ఎందుకంటే ‘............ అనేది ............కి తల’ అనేది రెండు ఖాళీల సంబంధం. అరిస్టాటిల్ విధేయాలకు ఒకటే ఖాళీ. ఇందాక చెప్పిన చీలిక ఇదే.

ఆ చీలికను దాటించినవాడు జర్మనీలో యేనా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన గాట్లోబ్ ఫ్రేగె. 1879లో వెలువడిన ఆయన చిన్న పుస్తకం ‘బెగ్రిఫ్‌ష్రిఫ్ట్’లో విధేయాన్ని గణితంలోని ప్రమేయంలాగా చూశాడు, ఎన్ని ఖాళీలకైనా చోటిచ్చాడు, పరిమాపకాన్ని వేరే గుర్తుగా నిలబెట్టాడు. ఒక పరిమాపకం లోపల మరో పరిమాపకం, దాని లోపల ఇంకోటి ఉండొచ్చని చెప్పడమే ఆయన అసలు విజయం. ఆయన కాగితం నిండా పైకీ కిందికీ గీతలు గీసే లిపి వాడాడు. అది ఎవరికీ పట్టలేదు. అదే కాలంలో అమెరికాలో చార్లెస్ పర్స్, ఆయన శిష్యుడు మిచెల్ వేరే దారిలో అదే చోటికి చేరారు. క్వాంటిఫయర్ అనే పేరు పర్స్ పెట్టిందే, 1885 నాటి వ్యాసంలో. ఇప్పుడు మన పిల్లల పుస్తకాల్లో కనిపించే గుర్తుల్లో, వెనక్కి తిప్పిన ‘ఈ’ అక్షరం ఇటలీ గణితవేత్త పియానోది, తలకిందులు చేసిన ‘ఏ’ అక్షరం 1935లో గెంట్జెన్ పెట్టింది. అరిస్టాటిల్ తర్వాత తర్కంలో జరిగిన పెద్ద సంఘటన ఏదంటే నేను 1879 అనే చెబుతాను. వెంటనే మెచ్చుకున్నవాళ్ళు బహు తక్కువ.

లోపల లోపల పరిమాపకాలు పెట్టగానే వాటి వరస ప్రశ్న వస్తుంది. దీనికి మన ఊరే మంచి ఉదాహరణ. 2003 నుంచి బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ప్రధాన కేంద్రం. దాని కింద బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ అని మూడు డివిజన్లు. ‘ప్రతి డివిజన్‌కీ పైన ఒక అధికారి ఉన్నారు’ అనే వాక్యం డివిజనల్ రైల్వే మేనేజర్ల (డి.ఆర్.ఎం.ల) గురించి నిజం: డివిజన్ మారితే మనిషి మారతాడు. ‘ఒక అధికారి ఉన్నారు, ప్రతి డివిజన్‌కీ పైన ఆయనే’ అనే వాక్యం జనరల్ మేనేజర్ గురించి నిజం: మనిషి ఒక్కడే. మాటలు అవే, వరస మాత్రం తిరగబడింది. రెండో వాక్యం నిజమైతే మొదటిది దానంతటదే నిజం. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. ఈ ఒక్క సంగతి గుండెలో ముద్ర వేసుకున్న విద్యార్థికి మిగతా తర్కమంతా సులువవుతుంది.

చాలా పెద్దవాళ్ళు కూడా ఇక్కడే జారారు. 1821లో కోషీ, అవిచ్ఛిన్న ప్రమేయాల అనంత శ్రేణి ఒక మొత్తానికి చేరితే ఆ మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని రాశాడు. 1826లో ఆబెల్ దానికి ఎదురు ఉదాహరణ ఇచ్చాడు. ‘ప్రతి బిందువుకీ ఒక అంకె ఉంది’ అన్నదానికీ ‘ఒక అంకె ఉంది, అది ప్రతి బిందువుకీ సరిపోతుంది’ అన్నదానికీ ఉన్న తేడా తేలాక గానీ ఆ చిక్కు విడలేదు. డి.ఆర్.ఎం.కీ జనరల్ మేనేజర్‌కీ మధ్య ఉన్న తేడాయే అది.

తెలుగులో ఈ వరస గొడవ నిషేధంతో కలిసినప్పుడు మరీ ఎక్కువ. ‘అన్ని బళ్ళూ ఇక్కడ ఆగవు’ అని ఒక చిన్న స్టేషన్ దగ్గర ఎవరైనా చెప్పారనుకోండి. ఒక్క బండీ ఆగదనా? కొన్ని ఆగుతాయి, కొన్ని ఆగవనా? రెండు అర్థాలూ ఆ వాక్యంలో ఉన్నాయి. గొంతు ఎక్కడ ఒత్తిందో దాన్నిబట్టి పల్లెటూరి మనిషి అర్థం చేసుకుంటాడు. కాగితం మీద గొంతు ఉండదు. ‘ఏ బండీ ఇక్కడ ఆగదు’ అని గానీ, ‘కొన్ని బళ్ళే ఇక్కడ ఆగుతాయి’ అని గానీ రాస్తే సందేహం ఉండదు. మన భాషలో స్పష్టంగా చెప్పే రూపం ఎప్పుడూ సిద్ధంగానే ఉంది, వెతికి వాడే ఓపిక కావాలి. సంఘం నిబంధనలూ వీలునామాలూ మనవాళ్ళు ఇప్పటికీ తెలుగులో రాస్తారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ‘సభ్యులందరూ హాజరు కాకపోతే తీర్మానం చెల్లదు’ అని రాసిన సంఘంలో ఒక్కరు రాకపోయినా గొడవే.

ఇక్కడ మన దేశపు తర్కం గురించి మాట్లాడకపోతే పాపం. సంస్కృత పాఠశాలల్లో న్యాయశాస్త్రానికి తొలి వాచకం ‘తర్కసంగ్రహం’. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు, 17వ శతాబ్దం వాడు. కొండ మీద నిప్పు ఉంది, ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా. ఇక్కడా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పు ఉంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలు. మధ్యలో ఉన్న ‘ప్రతి చోటా’ అన్న సంబంధమే వ్యాప్తి. అది తలకిందులైతే నిలవదని కూడా నైయాయికులు పట్టి చూపించారు. నిప్పు ఉన్న ప్రతి చోటా పొగ ఉండదు. కాల్చి ఎర్రబారిన ఇనప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పచ్చి కట్టె తోడైతేనే పొగ. ఆ తోడుకి ‘ఉపాధి’ అని పేరు. ‘ఇదైతే అది’ అన్నదాన్ని ‘అదైతే ఇది’గా తిప్పేసే తప్పు మన పత్రికల్లో ఇవాళ కూడా రోజూ కనిపిస్తుంది.

అన్నంభట్టు కంటే మూడు శతాబ్దాల ముందు మిథిలలో గంగేశోపాధ్యాయుడు ‘తత్త్వచింతామణి’లో వ్యాప్తికి ఐదు నిర్వచనాలు తీసుకుని ఐదూ తోసేశాడు. మొదటిదాని భావం ఇది: నిప్పు లేని చోట పొగ ఉండకపోవడం. ఆధునిక తర్కం కూడా ‘పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు’ అన్నదాన్ని ‘పొగ ఉండి నిప్పు లేని చోటు ఒక్కటీ లేదు’ అని మార్చి రాస్తుంది. మరి గంగేశుడు ఎందుకు కాదన్నాడు? ‘తెలియదగినది కావడం’ అనే ధర్మం అన్నిటిలోనూ ఉంటుంది. అది లేని చోటే లేదు. లేని చోటును చూపించి నిర్వచనం చెప్పకూడదని ఆయన పట్టుదల. ఆధునిక తర్కం ఇక్కడ వేరే దారి పట్టింది. ఖాళీ సమూహం గురించి చెప్పిన ప్రతి సార్వత్రిక వాక్యమూ నిజమే అంటుంది. ఏ బండీ లేని ప్లాట్‌ఫారం మీద ‘ఇక్కడి బళ్ళన్నీ ఆలస్యం’ అంటే అది నిజం, ఎదురు ఉదాహరణ లేదు కాబట్టి. వినడానికి వింతగా ఉన్నా లెక్కకి అదే అనుకూలం. బ్లాక్ సెక్షన్ సూత్రం ఖాళీ లైనుకి కూడా వర్తించింది ఇందుకే.

నవ్యన్యాయానికి గుర్తుల లిపి లేదు, ఖాళీలూ చరరాశులూ లేవు. పరిమాపకాల పని అంతా ధర్మాలు, అధికరణాలు, అభావాలు అనే మాటలతో నడిపించింది. 1951లో డేనియల్ ఇంగల్స్ రాసిన పరిశోధన గ్రంథం సంఖ్య విషయంలో నైయాయికుల ఆలోచనను ఫ్రేగె ఆలోచన పక్కన పెట్టి చూపించింది. కానీ ఫ్రేగె చెప్పిందంతా మనవాళ్ళు ముందే చెప్పేశారని గొప్పలు పోవడం గంగేశుడికి గౌరవం కాదు. ఆయన వేసిన ప్రశ్న వేరు. ఆ ప్రశ్నను దాని సొంత భాషలో చదవడమే గౌరవం.

మళ్ళీ మన స్టేషన్లకి వద్దాం. ‘అన్నిటికంటే పెద్ద’ అనే మాటలో కూడా పరిమాపకం ఉంది. ‘ఒక ప్లాట్‌ఫారం ఉంది, మిగతా ప్రతి ప్లాట్‌ఫారం కంటే అది పొడుగు’. ఖరగ్‌పూర్ వాళ్ళు 1072 మీటర్ల తమ ప్లాట్‌ఫారం గురించి ఏళ్ళ తరబడి ఇలాగే చెప్పుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో వచ్చింది, 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో వచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఒక్క ఇటుక కదలకుండానే దాని గురించిన వాక్యం అబద్ధమైంది. 802 మీటర్ల మన బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారానికి ఆ బెంగ లేదు.

ఫ్రేగెతో ఇంత శక్తి ఉన్న తర్క భాష వచ్చాక, దాని వాక్యాలు ఏవి తప్పనిసరిగా నిజమో యంత్రంతో తేల్చవచ్చా అనే ప్రశ్న వచ్చింది. ఒక ఖాళీ విధేయాలే ఉన్నంతవరకూ తేల్చే పద్ధతి ఉందని లొవెన్‌హైమ్ 1915 నాటి పనితో తెలిసింది. సరిగా కట్టిన నియమాలతో తప్పనిసరి నిజాలన్నిటికీ రుజువు దొరుకుతుందని 1929లో గ్యోడెల్ నిరూపించాడు. కానీ 1936లో అలాన్జో చర్చ్, అలాన్ ట్యూరింగ్ వేరువేరుగా చూపించింది ఏమిటంటే, రెండు ఖాళీల విధేయాలు వచ్చాక ఏ వాక్యానికైనా ఔను, కాదు అని తప్పక తేల్చే యాంత్రిక పద్ధతి ఉండదు. రుజువు ఉంటే ఎప్పటికైనా దొరుకుతుంది. లేకపోతే వెతుకులాట ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేరు. ‘గుణం’ నుంచి ‘సంబంధం’కి వేసిన ఒక్క అడుగుకి మనిషి చెల్లించిన వెల ఇది. నా దృష్టిలో ఆ అడుగు ఆ వెలకు తగిందే.

ఆ అడుగు వల్ల వచ్చినవాటిలో ఒకటి మీ జేబులోనే ఉంది. 1970లో ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని విధేయాల పట్టికలుగా చూడమన్నాడు. రిజర్వేషన్ కంప్యూటర్‌ని మనం అడిగేది ‘ఈ తేదీన, ఈ బండిలో, ఖాళీ బెర్తు ఒకటైనా ఉందా’ అనే అస్తిత్వ వాక్యమే.

రెండోది మరింత దగ్గరిది. 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైనుకి డ్రైవర్లు లేరు. దాని భద్రతా ప్రోగ్రామును జాన్ రేమండ్ ఆబ్రియల్ రూపొందించిన ‘బి’ పద్ధతిలో రాశారు. ముందు భద్రత అంటే ఏమిటో పరిమాపకాలతో వాక్యాలుగా రాసి, ప్రోగ్రాము ప్రతి అడుగూ ఆ వాక్యాలను నిలబెడుతుందని గణిత పద్ధతిలో రుజువు చేశారు. ఎన్నిసార్లు నడిపి చూసినా పరీక్ష అనేది ఉదాహరణల కుప్పే. ‘ప్రతి’ని నిలబెట్టాలంటే రుజువే కావాలి. మన దేశంలో రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో, తెలంగాణ గడ్డ మీద జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజిన్‌లో కూర్చుని చూశారు. అలాంటి యంత్రాల్లోకి ఎక్కించే వాక్యాలను రాయడానికి, చదవడానికి, తప్పు పట్టడానికి పరిమాపకాలు తెలిసిన ఇంజినీర్లు కావాలి.

రాసినంత మాత్రాన ‘ప్రతి’ నిజమైపోదు. 2025 నవంబరు 4న గెవ్రా రోడ్ నుంచి వస్తున్న మెమూ రైలు మన ఊరి దగ్గరే ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. ప్రాణాలు పోయాయి. కారణాలు విచారించడం ఈ వేదిక పని కాదు. నేను చెప్పదలచింది ఒక్కటే. సార్వత్రిక వాక్యానికి నూటికి తొంభై తొమ్మిది మార్కులు అనేది లేదు. పుస్తకంలో ఎదురు ఉదాహరణ అంటే ఒక వాక్యం పడిపోవడం. పట్టాల మీద ఎదురు ఉదాహరణ అంటే మనుషులు. ఆ తేడా ఈ ఊరికి తెలిసినంతగా ఏ తర్కశాస్త్ర శాఖకీ తెలియదు.

చివరిగా ఒక విన్నపం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి గణితంలో గణిత తర్కం మీద పద్నాలుగో అధ్యాయం ఉండేది. ‘ప్రతి’, ‘ఒకటి ఉంది’ అన్న మాటలను ఎలా చదవాలో, ఎలా కాదనాలో మన పిల్లలు మొదటిసారి నేర్చుకునేది అందులోనే. 2022–23లో పాఠాల భారం తగ్గించినప్పుడు దాన్ని తీసేశారు. పాత పుస్తకాలు ఇంకా మన ఇళ్ళలో అటకల మీద ఉన్నాయి. ఈ సంఘం ఆదివారాల్లో పిల్లలకు తెలుగు చెబుతోంది కదా, అందులో ఒక్క గంట ఆ అధ్యాయానికి ఇవ్వండి. పక్కన ‘తర్కసంగ్రహం’లోని పొగ, నిప్పు, ఇనప గుండు ఉంచండి. జనరల్ రూల్స్ నుంచి ‘ట్రైన్’ నిర్వచనం ఉంచండి. రిటైరైన స్టేషన్ మాస్టర్లు, సిగ్నల్ ఇన్‌స్పెక్టర్లు ఈ సభలోనే ఉన్నారు. ఆ పాఠం చెప్పడానికి వారికంటే తగినవాళ్ళు నాకు కనిపించడం లేదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.